అడిగితే చెబుదాంలే!

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. నాకు సంగీతజ్ఞానం అంతంతమాత్రం. చెవులు ఇంకా అంతంతమాత్రం. రోజుకి ఆరేడు గంటలు కాన్ఫరెన్స్ కాల్స్‌లో "నా మాట వినపడుతోందా?" అని అరుచుకునే మనిషికి అంతకంటే గొప్ప చెవులు ఎలా వుంటాయి లెండి. అందుకే ఈ ఆడియోఫైల్స్ అనబడే జాతిమీద నాకు మొదట్నించీ కాస్త చిన్నచూపే. అరవై ఏళ్ళ కిందటి జాజ్ పాటల్ని మళ్ళీ అచ్చేసి అమ్మితే, ఒక్కో రికార్డుకి నలభై డాలర్లు, వంద డాలర్లు పోసి కొంటారు. "అదే పాట ఫోన్లో వూరికే వస్తోంది కదా నాయనా" అనాలనిపిస్తుంది. అన్నాను కూడా, మా ఆఫీసులో ఒక మిత్రుడితో.

ఈ మిత్రుడు పగలు సర్వర్లు చూసుకుంటాడు, రాత్రి రికార్డులు చూసుకుంటాడు. నా వెటకారానికి కోపం తెచ్చుకోకుండా ఓ శనివారం భోజనానికి పిలిచాడు. తిన్నాక ఒక రికార్డు పెట్టాడు. విన్నాను. బావుంది. "బావుంది" అన్నాను. అతను నవ్వి, రికార్డుని తీసి లైటు కింద ఏటవాలుగా పట్టుకున్నాడు. పాటలన్నీ అయిపోయాక, మధ్యలో అతికించిన లేబుల్‌కి ముందు ఉంగరంలా కొంచెం ఖాళీ జాగా మిగులుతుంది చూడండి, అక్కడ చేత్తో గీకినట్టు చిన్న అక్షరాలున్నాయి. "కె.పి.జి. ఎట్ సి.ఎ." అని.

"ఏంటిది, సీరియల్ నంబరా?"

"కాదు గురూ, సంతకం. కెవిన్ గ్రే అని ఒకాయన. ఈ గాడి కోసింది ఆయనే. సి.ఎ. అంటే ఆయన స్టూడియో, కోహీరెంట్ ఆడియో."

నాకు వెంటనే గుర్తొచ్చింది గిట్ బ్లేమ్. ఈ లైను ఎవరు రాశారో లైను పక్కనే వుంటుంది. వస్తువు మీదే, పాట ముగిసిన చోటే, "ఈ పని నాది" అని గీకి పెట్టడం నాకు తెగ నచ్చేసింది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఈ రీఇష్యూలు చేసే మనుషుల గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ నా పాత తప్పు ఒకదానికి ఎదురుపడ్డాను. ఇదంతా రాస్తున్నది దాని గురించే. కానీ ముందు ఆ గాడి ఎలా కోస్తారో కొంచెం చెప్పాలి.

స్టూడియోలో ఆ రోజు పాడినది, వాయించినది చివరికి ఒక టేపు మీదికి చేరుతుంది. అది మాస్టర్ టేపు. రికార్డు చేయాలంటే ఆ టేపుని ప్లే చేస్తూ, ఆ సిగ్నల్‌తో ఒక సూదిని కదిలిస్తూ, లాకర్ డిస్క్ మీద గాడి కోయాలి. (బ్యాంకు లాకరు కాదు. అల్యూమినియం పళ్ళెం మీద నైట్రోసెల్యులోజ్ లక్కపూత పూసినది.) ఒక వైపు మొత్తం ఒకే వూపులో కోయాలి. పద్దెనిమిదో నిమిషంలో తప్పు జరిగితే కంట్రోల్ జెడ్ లేదు, ఆ పళ్ళెం అవతల పారేసి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టడమే.

ఇంకో తమాషా వుంది. శబ్దం పెద్దగా, బేస్ ఎక్కువగా వున్నచోట గాడి వెడల్పుగా వూగుతుంది. పక్క గాడికి తగలకుండా జాగా వదలాలి. నెమ్మదిగా వున్నచోట దగ్గర దగ్గరగా సర్దాలి. లేకపోతే పాటలు పట్టవు. అంటే కోసే యంత్రానికి రాబోయే శబ్దం ముందే తెలియాలి. అందుకని టేపు మిషన్‌కి రెండు హెడ్లు పెడతారు. మొదటిది ముందుగా విని "పెద్ద మోత వస్తోంది, జరుగు" అని యంత్రానికి కబురు చెబుతుంది. టేపు కాస్త చుట్టు తిరిగి రెండో హెడ్ దగ్గరికి వచ్చాక అసలు శబ్దం సూదికి వెళుతుంది. సీపీయూల్లో ప్రీఫెచ్ అని మనం చదువుకున్నది వాళ్ళు రెండు హెడ్లు, నాలుగు రోలర్లతో చేసేశారన్నమాట. ఇలాంటి మిషన్లు లేనిచోట 1970ల చివరినుంచీ డిజిటల్ డిలే పెట్టెలు వాడటం మొదలైంది. సూదికి వెళ్ళే శబ్దాన్ని ఆ పెట్టెలో కాసేపు ఆపి పంపేవారు. కాబట్టి 1980ల్లో కొన్న రికార్డు కదా, అది పూర్తి అనలాగే అయివుంటుందని బల్లగుద్ది చెప్పడానికి లేదు!

ఈ పని చేసే మనుషులు మరీ ఎక్కువమంది లేరు. కెవిన్ గ్రే, బెర్నీ గ్రుండ్‌మన్ లాంటి కొద్ది పేర్లే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. బ్లూ నోట్ కంపెనీ 80 ఏళ్ళ పండగకి 2019లో టోన్ పొయెట్ అనే సీరీస్ మొదలుపెట్టింది. జో హార్లీ అనే నిర్మాత దగ్గరుండి చూసుకుంటాడు, కెవిన్ గ్రే అసలు మాస్టర్ టేపుల నుంచి నేరుగా కోస్తాడు. టోన్ పొయెట్ అనేది హార్లీకి సాక్సోఫోన్ విద్వాంసుడు చార్ల్స్ లాయిడ్ పెట్టిన ముద్దుపేరు. కాన్సస్ రాష్ట్రంలోని సలైనా అనే చిన్న ఊళ్ళో చాడ్ కాసెమ్ అని ఇంకొకాయన వున్నాడు. 1980ల్లో తాగుడు మానుకోవడానికి లూసియానా నుంచి ఆ ఊరికి వచ్చి, అపార్ట్‌మెంట్‌లో కూర్చుని రికార్డులు అమ్మడం మొదలుపెట్టి, చివరికి 2011లో సొంతంగా రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీ నడపడం దాకా వెళ్ళాడు. లండన్‌లో ఎలక్ట్రిక్ రికార్డింగ్ కంపెనీ వాళ్ళు పాతకాలపు వాల్వుల యంత్రాలని వెతికి పట్టుకుని, ఏళ్ళ తరబడి బాగుచేసి, ఒక్కో టైటిల్ మూడొందల కాపీలు మాత్రం వేస్తారు. వందల పౌండ్ల ధర.

ఇదంతా ఎంత సన్నటి దారం మీద నడుస్తోందంటే, 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయినప్పుడు, ప్రపంచం మొత్తానికి లాకర్ డిస్కులు సరఫరా చేయడానికి జపాన్‌లో ఒకే ఒక్క కంపెనీ మిగిలింది. ఎవరో ఒక్కడు రాసిపెట్టిన చిన్న లైబ్రరీ మీద వెయ్యి ప్రోడక్టులు ఆధారపడి వుండటం మనకి కొత్తేం కాదు కదా.

సరే, ఇక అసలు కథ. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ 1977 నుంచీ ఆడియోఫైల్ రీఇష్యూలకి పేరుపొందింది. రికార్డు అట్టపైన "ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్" అన్న పట్టీ వాళ్ళ గుర్తు. 2016 నుంచి వాళ్ళు వన్ స్టెప్ అని ఇంకా ఖరీదైనవి తెచ్చారు. మామూలుగా లాకర్ నుంచి ఒక లోహపు అచ్చు, దాన్నుంచి ఇంకొకటి, దాన్నుంచి ముద్రవేసే అచ్చులు తీస్తారు. అలా ఒక్క లాకర్ నుంచి వేలకు వేలు కాపీలు వస్తాయి. వన్ స్టెప్‌లో మధ్య మెట్లు లేవు. లాకర్ నుంచి తీసిన అచ్చుతోనే నేరుగా ముద్ర. కాపీకి కాపీ తీసినకొద్దీ పోయే నాణ్యత ఇక్కడ పోదు. 125 డాలర్లు. రికార్డుతో పాటు ఆ మెట్లన్నీ వివరించే బొమ్మ వున్న కాగితం కూడా ఇచ్చేవారు.

2022లో వాళ్ళు మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్"ని వన్ స్టెప్‌గా 40,000 కాపీలు వేస్తామని ప్రకటించారు. ఇక్కడ లెక్క చేయడం వచ్చినవాళ్ళకి అనుమానం వచ్చింది. ఒక్క అచ్చుతో వెయ్యి కాపీలు అనుకున్నా, వైపుకి నలభై లాకర్లు కోయాలి. అంటే నలభైసార్లు ఆ మాస్టర్ టేపు నడపాలి. ప్లే చేసిన ప్రతిసారీ టేపు ఎంతోకొంత అరుగుతుంది. అలాంటి టేపుని ఎవరైనా నలభైసార్లు నడపనిస్తారా?

ఆ జూలైలో అరిజోనాలోని ఫీనిక్స్‌లో రికార్డుల కొట్టు నడిపే మైక్ ఎస్పొసిటో, ఈ కంపెనీ డిజిటల్ ఫైళ్ళ నుంచి కోస్తోందని తనకి తెలిసిందని వీడియోలో చెప్పాడు. గోల మొదలైంది. కంపెనీ అతన్ని కాలిఫోర్నియాలోని సెబాస్టొపోల్‌లో వున్న తమ స్టూడియోకి పిలిచింది. అక్కడి ఇంజినీర్లని అతను కెమెరా ముందు నేరుగా అడిగాడు. వాళ్ళు కూడా నేరుగానే చెప్పారు. అవును, టేపుని ముందు డి.ఎస్.డి. అనే డిజిటల్ ఫార్మాట్‌లోకి ఎక్కించుకుని, ఆ ఫైలు నుంచి కోస్తున్నామని. ఇవాళ నిన్న కాదు, 2011 నుంచీ! మొదటిది టోనీ బెన్నెట్ రికార్డు.

అంటే 11 ఏళ్ళు. ఆ 11 ఏళ్ళలో "అనలాగ్ అంటే ఇదీ, డిజిటల్‌లో ఈ వెచ్చదనం వస్తుందా" అంటూ ఈ రికార్డుల్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ఎంతమందో. విని, ఇందులో డిజిటల్ మెట్టు వుందని పట్టుకుని నిరూపించినవాడు లేడు. గుట్టు చెవి వల్ల బయటపడలేదు, లెక్క వల్ల బయటపడింది.

ఇది చదివి నేను పడీపడీ నవ్వాను. మర్నాడు కేఫెటేరియాలో మిత్రుడిని పట్టుకున్నాను.

"నీకు ఆ రికార్డు చెప్పకుండా వినిపిస్తే తేడా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరింకేం? మోసం ఎక్కడ?"

"తేడా తెలిసే వస్తువయితే అట్టమీద రాతతో పనేముంది గురూ? విని కొనుక్కుంటా. తెలియదు కాబట్టే రాసినది చదివి కొంటా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడమే కాదు, కడుపులో ఎక్కడో కలుక్కుమంది. ఎందుకంటే సరిగ్గా ఈ మాట ఇంతకుముందు నాతో ఇంకొకాయన అన్నాడు.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. గిడ్డంగులు నడిపే ఒక క్లయింటుకి డాష్‌బోర్డు కట్టాం. ఏ గిడ్డంగిలో ఎంత సరుకుంది, ఎన్ని లారీలు బయల్దేరాయి, ఇలాంటివి. మా ప్రపోజల్లో, స్లైడుల్లో, ట్రైనింగ్ పుస్తకంలో అన్నిచోట్లా "రియల్ టైమ్ డాష్‌బోర్డు" అని వుండేది. నిజానికి అది రియల్ టైమ్ కాదు. ఐదు నిమిషాలకోసారి ఒక క్రాన్ జాబ్ లేచి, అసలు డేటాబేస్ నుంచి అంకెలు ఇంకో టేబుల్‌లోకి ఎత్తి పోసేది. స్క్రీను ఆ టేబుల్‌ని చదివేది. ఆ డిజైన్ నాదే. సరైన డిజైనే, ఇప్పటికీ అదే చేస్తాను. ఎందుకంటే ప్రతి మేనేజరూ స్క్రీను రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా అసలు డేటాబేస్‌ని కదిపితే ఆర్డర్లు ఎక్కించే పని నత్తనడక నడిచేది. (నలభైసార్లు టేపు నడపకుండా ఒక్కసారి ఎక్కించుకోవడం లాంటిదే చూడండి.)

డెలివరీకి ముందు రివ్యూలో నేనే అడిగాను, "ఇది రియల్ టైమ్ కాదు కదా, ఎక్కడన్నా రాద్దామా?" అని. మేనేజరుగారు ఒక్క క్షణం ఆలోచించి, "ఐదు నిమిషాలకి ఎవరికేం నష్టం? అడిగితే చెబుదాంలే" అన్నారు. నేను సరేనన్నాను. అంతా ఆయన మీదకి తోసెయ్యడం న్యాయం కాదు. ఆ "సరే"లో నాకూ హాయిగానే వుంది. ఆర్కిటెక్చర్ బొమ్మలోంచి ఆ మధ్య టేబుల్ పెట్టె తీసేసింది నా చేతులే. బొమ్మ సింపుల్‌గా వుంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

రెండేళ్ళు ఎవరూ అడగలేదు. మేం చెప్పలేదు. క్లయింటు ఎంతో సంతోషంగా వున్నాడు, ఇంకో రెండు ప్రాజెక్టులు ఇచ్చాడు. తరవాత ఓ రోజు వాళ్ళ గిడ్డంగి మేనేజరు ఒకాయన, కళ్ళముందు లారీ గేటు దాటి వెళ్ళిపోతుంటే స్క్రీను మీద అది ఇంకా లోపలే వుండటం చూశాడు. గడియారం పట్టుకుని నాలుగుసార్లు పరీక్షించి మాకు ఫోన్ చేశాడు. ఈసారి అడిగాడు కాబట్టి చెప్పాం. నేనే చెప్పాను, ఎందుకలా చేశామో కారణాలన్నీ వివరంగా. ఆయన ఓపిగ్గా విని అన్నమాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఐదు నిమిషాలు మాకు చాలండీ. ముందే చెప్పుంటే నేనే సంతకం పెట్టేవాణ్ణి. ఇప్పుడు మీరు చెప్పిన మిగతావాటిలో ఏది ఐదు నిమిషాల పాతదో నాకెలా తెలుస్తుంది?"

ఆ తరవాత మూడు నెలలు వాళ్ళు మా ప్రతి స్క్రీనునీ, ప్రతి అంకెనీ పక్కన కాగితం పెట్టుకుని సరిచూశారు. బగ్గులు పెద్దగా దొరకలేదు. అయినా తరవాతి ప్రాజెక్టు మాకు రాలేదు.

అందుకే మొబైల్ ఫిడెలిటీ కథలో నాకు ఆ ఇంజినీర్ల మీద కోపం రాదు, జాలీ రాదు, అద్దం చూసినట్టుంటుంది. వాళ్ళు చేసిన పని చెత్తపని కాదు. పాత టేపుని మాటిమాటికీ తిప్పి అరగదీయకుండా, ఒకసారి శ్రద్ధగా ఎక్కించుకుని, దాన్నుంచి ఎన్నిసార్లయినా కోసుకోవడం ఇంజినీరింగ్‌గా చక్కటి నిర్ణయం. విన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు కూడా. తప్పు ఆ మెట్టు ఎక్కడంలో లేదు. బొమ్మలోంచి ఆ మెట్టు చెరిపేయడంలో వుంది. ఆ కాగితం మీది బొమ్మలో మాస్టర్ టేపు వుంది, లాకర్ వుంది, మధ్యన డిజిటల్ అనే పెట్టె లేదు. నా బొమ్మలోనూ లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎందుకు దాచాల్సొచ్చింది? కొనేవాళ్ళే "డిజిటల్" అన్న మాటని ఒక బూతుమాట చేసి పెట్టారు. ఆ పదం అట్టమీద కనపడితే వినకుండానే పక్కన పెట్టేస్తారు. మన క్లయింట్లకి "బ్యాచ్" అన్న మాట ఎలాంటిదో అలాంటిది. అది వింటే వాళ్ళ మొహం మాడుతుంది, "రియల్ టైమ్" అంటే వికసిస్తుంది. నిజం చెబితే అమ్ముడుపోని సంత ఒకటి తయారుచేసుకుని, అందులో నిజం దొరకలేదని ఏడవడంలో మనందరికీ వాటా వుంది. కానీ వాటా వుందని చెప్పి అమ్మేవాడి బాకీ మాఫీ అవదు. కొనేవాడు మూర్ఖంగా అడిగినా సరే, జవాబు చెప్పాల్సింది తెలిసినవాడే.

తరవాత ఏమైందంటే, ఆ నెలాఖరుకే కంపెనీ అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. కేసులు పడ్డాయి. 2023లో సుమారు రెండున్నర కోట్ల డాలర్ల విలువైన సెటిల్‌మెంటు కుదిరింది. రికార్డు వెనక్కిచ్చి డబ్బు పూర్తిగా తీసుకోవచ్చు, లేదా రికార్డు వుంచుకుని ధరలో 5 శాతం నగదు, అదీ కాకపోతే 10 శాతం కూపను. కంపెనీ మూతపడలేదు. ఇప్పుడు తమ రికార్డు ఏ మూలం నుంచి, ఏయే మెట్లమీదుగా వచ్చిందో రాసి మరీ అమ్ముతోంది. డి.ఎస్.డి. అని రాసి వున్నా కొనేవాళ్ళు కొంటూనే వున్నారు. చూశారా, మొదటే ఆ ఒక్క లైను రాసివుంటే సరిపోయేది! మా ఐదు నిమిషాల్లాగే.

నేను ఆ డాష్‌బోర్డు వ్యవహారం తరవాత ఒక అలవాటు చేసుకున్నాను. నా చేతిమీదుగా వెళ్ళే ప్రతి స్క్రీను అడుగునా చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వుంటుంది. ఈ అంకెలు ఎక్కడినుంచి తీసినవి, ఎన్ని గంటలకి తీసినవి. మొన్న టీంలో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు, "సార్, ఇది ఎవరు చదువుతారు?" అని. ఎవరూ చదవరు బాబూ, అందుకే మనం రాయాలి అన్నాను. వాడికి అర్థమైనట్టు లేదు. రికార్డు చివర గీకిన ఆ సంతకం ఒకసారి చూపించాలి వాడికి.

అన్నట్టు, మిత్రుడు వచ్చే శనివారం మళ్ళీ భోజనానికి పిలిచాడు. రెండు రికార్డులు పెడతాట్ట, ఒకటి టేపు నుంచి కోసినది, ఇంకోటి ఫైలు నుంచి కోసినది. ఏది ఏదో చెప్పమన్నాడు. చెప్పలేనని ఇప్పుడే చెప్పేశాను. అడక్కముందే :)